దింపుడు కళ్లం దగ్గర మందాకిని

చిక్కడపల్లిలో అరుంధతిని ఎరిగినవాళ్లకు ఆమె ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంట్, కిషన్ రావు భార్య, మెట్ల మీద చెప్పులు విడిస్తే ఊరుకోని మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమె మందాకిని అనే మంత్రగత్తె.

పైవాటాలో కిరాయికి ఉండే అనురాగ్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. వారానికోసారి పుస్తకాలు మూసేసి, కిందికొచ్చి ఒక కథల ఆట నడుపుతాడు. అతను కథ చెబుతాడు. తమ పాత్ర ఏం చేస్తుందో ఆడేవాళ్లు చెబుతారు. అయ్యేదీ కానిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నారాయణగూడ నుంచి అతని స్నేహితురాలు సంజన వస్తుంది. ఒకరోజు ఆటకు ఒక మనిషి తక్కువయ్యాడని, చాయ్ ఇవ్వడానికొచ్చిన అరుంధతిని కూర్చోబెట్టారు. రెండేళ్లయింది, ఆమె లేవలేదు.

చచ్చిన పాత్ర మళ్లీ రాదన్నది అనురాగ్ నియమం. అందుకే మందాకినిని ఆమె ఇన్నాళ్లూ కంటికి రెప్పలా కాచుకుంది.

ఆ ఆదివారం సంజన పాత్ర ఏదో కోటలో బందీ అయింది. జాడ తీయడానికి మందాకిని కొత్తగా నేర్చిన ఆత్మయాన మంత్రం వేసింది. ఒళ్లు ఇక్కడ, ఆత్మ అక్కడ, మధ్యలో సన్నటి వెండి దారం. అది తెగితే ప్రాణం పోయినట్టే. ఒంటికి కాపలా పెట్టమని సంజన మొత్తుకుంది. అరుంధతి వినలేదు. నీడ బాగుందని ఊరి సత్రం అరుగు మీద పడుకుని వెళ్లిపోయింది.

కోట దొరికింది, బందీ దొరికింది. అరుంధతి సంబరపడుతుండగా అనురాగ్ మెల్లగా అసలు సంగతి చెప్పాడు. అరుగు మీద ఊపిరి ఆడని ఆడమనిషిని ఊరివాళ్లు చూశారు. దిక్కులేని శవమని జాలిపడి పాడె కట్టారు. డప్పులు ముందు నడుస్తున్నాయి.

అరుంధతి మొహం వాడిపోయింది. దారం పట్టుకుని తిరిగొచ్చేసరికి చితి అంటుకుంటుంది.

పక్క గదిలోంచి కిషన్ రావు వచ్చి, ఇంట్లో ఈ పాడె ముచ్చట్లేమిటని కోప్పడ్డాడు. ఆమె అటు చూడనైనా లేదు.

"దింపుడు కళ్లం కాడ పాడె దించుతరా, లేదా?" అని అనురాగ్‌ను నిలదీసింది.

శ్మశానం దారిలో పాడె దించి, కొన ఊపిరి ఉంటే లేస్తారన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం ఎక్కడైనా ఉన్నదే. పాలమూరు పల్లెలో పుట్టిన అనురాగ్ కాదనలేకపోయాడు. మూడు పిలుపులకు మూడు పాచికలు, ఒక్కసారి పెద్ద అంకె పడినా ఆత్మ ఒక్క గుంజుతో ఒంట్లో పడుతుందని ఒప్పుకున్నాడు.

"గని పిలిచేదెవరు ఆంటీ? ఆ ఊర్ల మందాకిని పేరు ఎవరికి ఎర్క?" అని మెలిక పెట్టాడు అనురాగ్.

"నాకెర్క," అన్నాడు కిషన్ రావు. "రెండేండ్ల సంది గోడవతల పండుకొని ఇదే వింటున్న. ఒక్కనాడన్న నిద్రపోనిచ్చిన్రా?"

అనురాగ్ అతన్ని బాటసారిగా కథలోకి రానిచ్చాడు. పెళ్లయిన నాటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచి ఎరుగని మనిషి, కుర్చీ జరుపుకొని ఆమె చెవి దగ్గర వంగి "మందాకినీ" అన్నాడు. పాచిక రెండు పడింది. మళ్లీ పిలిచాడు. ఐదు. మూడోసారి పైవాటాకు వినబడేలా పిలిచి పాచిక విసిరాడు. సంజన కళ్లు మూసుకుంది. పాచిక బల్ల అంచుదాకా దొర్లి ఆగింది. ఇరవై.

మందాకిని పాడె మీద లేచి కూర్చుంది. మోసినవాళ్లు పరుగు లంకించుకున్నారని అనురాగ్ నవ్వు ఆపుకుంటూ చెప్పబోతే, అరుంధతి చెయ్యి అడ్డం పెట్టింది.

"డప్పులోళ్లను మాత్రం ఉర్కనియ్యకు. జర జోరుగ కొట్టమను. నేను చిందేసి ఎగరాలె."