చల్ల మిరపకాయల పళ్ళెం, పడని వాన

కొన్నేళ్లుగా ఒక వానను కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. నవ్వకండి. టీవీలో వాతావరణం వార్తలు రాగానే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పేస్తాను.

మాది గౌడవెల్లి. ఒక ఎండాకాలం శ్రావణి అనే పిల్ల వచ్చి మా మేడ మీద వానను కొలిచే డబ్బా పెట్టింది. పెద్ద చదువు చదువుతోంది. రాడార్ చెప్పే వాన లెక్క ఎంతవరకు నిజమో తేల్చడం ఆమె పని. రాడార్ వానను కొలవదట. ఆకాశంలోకి తరంగాలు పంపి, చినుకులకు తగిలి తిరిగొచ్చిన దాన్నిబట్టి ఇంత పడి ఉంటుందని అంచనా కడుతుందట.

"పైనుంచి వచ్చేది అంచనా అక్కా. మీ మేడ మీదిది సాక్షి," అంది. డబ్బాలో పడిన వాన లెక్క దానంతట అదే ఆమెకు చేరుతుంది. నన్ను కోరింది ఒక్కటే, దాని మీద ఏమీ పెట్టొద్దని.

"నేను జూసుకుంట తియ్యి చెల్లె," అన్నాను.

చూసుకున్నాను కూడా. చల్ల మిరపకాయలు పెట్టే రోజు దాకా. నేల మీద ఎండబెడితే చీమలు, కోళ్లు. డబ్బా నడుమెత్తున ఉంది, పైన గుండ్రంగా గరాటు. నా స్టీలు పళ్ళెం దాని మీద పెడితే కొలిచి చేయించినట్టు కూర్చుంది. ఎంత ముచ్చటేసిందో! సాయంత్రం తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? నెత్తి పగిలే ఎండలో వాన వస్తుందని ఎవరనుకుంటారు?

అన్నం తిని కునుకు తీశాను. లేచేసరికి మేడ గొట్టంలోంచి నీళ్లు ధార కడుతున్నాయి. పైకి ఉరికేలోపు వాన వెలిసింది. పళ్ళెం నిండా నీళ్లు. మిరపకాయలు ఈత కొడుతున్నాయి. నీళ్లు వంచేసి చూస్తే గరాటు లోపల పొడిగా ఉంది. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, రాడార్ల మీ దిక్కు మస్తు వాన జూపిస్తాంది. డబ్బా సున్నా అంటాంది. నిజంగ పడ్డదా?"

తడి కాళ్లతో, చేతిలో పళ్ళెంతో నిలబడి ఉన్నాను. చెబితే ఏమవుతుంది? కోప్పడుతుంది, అంతే కదా? కానీ మాటిచ్చింది నేను.

"లేదు చెల్లె. సుక్క గూడ పడలె."

"మబ్బన్న వట్టిందా?"

"మబ్బైతే వట్టింది. గాలికి వోయింది."

ఆ పిల్ల సంతోషం మీరు వినాల్సింది. వేడికి చినుకులు నేలకు చేరకముందే గాలిలో ఆరిపోయాయట, రాడార్ వాటిని చూసి మోసపోయిందట. అలా నిజంగానే జరుగుతుందట. కాలేజీలో అందరి ముందు అదే చెప్పి, మా వైపు రాడార్ లెక్కను తగ్గించింది. చప్పట్లు కొట్టారని మిఠాయి తెచ్చింది. నేను రెండు తిన్నాను.

వానాకాలం వచ్చింది. ఏ వాన చూసినా ఆమె తగ్గించిన లెక్క కన్నా డబ్బాలో ఎక్కువే. మా ఇంటికొచ్చి నెత్తి పట్టుకుని కూర్చుంది. "మీ ఊరి వాన నాకు సమజైతలేదక్కా. పరేషాన్ జేస్తాంది." లెక్కంతా మొదటినుంచి మళ్లీ కట్టాలట, చదువు వెనకబడుతుందట. కళ్లలో నీళ్లు. నాకు సిగ్గేసింది, చచ్చేంత సిగ్గు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? ఆకాశంలోకి చూసే అంత పెద్ద యంత్రాన్ని కాదని నా మాట నమ్మిన పిల్ల. ఆ నమ్మకం పోతుందనే భయం నోరు నొక్కేసింది.

అన్నం పెట్టాను. పప్పులోకి వేయించిన చల్ల మిరపకాయలు, అవే, మళ్లీ ఎండబెట్టినవి. ఒకటి కరకరా నమిలి కళ్లు తుడుచుకుంది.

"మస్తున్నయి అక్కా. ఉప్పే జర తక్కువైంది."

ఉప్పు కడిగేసింది ఎవరో నాకు తెలుసు.

లెక్కలు మళ్లీ కట్టింది, ఆలస్యంగానే అయినా చదువు ముగించింది, ఉద్యోగం చేస్తోంది. ఇప్పటికీ మా వైపు మబ్బు కనబడితే నాకు ఫోన్ చేస్తుంది, నిజంగా పడుతోందా అక్కా అని. పరుగున మేడెక్కి చూసి మరీ చెబుతాను. ఆ ఒక్క రోజు సంగతి తప్ప అన్నీ చెబుతాను. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అసలు ముందు ఎవరిని అడగాలి, శ్రావణినా, రాడార్‌నా?

ఏమైతేనేం, చెప్పేశాను. కడుపు తేలికైంది. ఆ మధ్యాహ్నం గౌడవెల్లిలో వాన పడింది. మస్తు పడింది.