మడమల వ్యాజిలిన్

రాయదుర్గం చెరువులో ఆ మోటారు పడవ ఒక చలికాలమంతా రుక్కమ్మ మడమల మీద నడిచింది. సరే, చలికాలమంతా కాదు, ఒక్కరోజు. మడమల మీద కూడా కాదు, పగుళ్లకని ఆమె కొనుక్కున్న వ్యాజిలిన్ మీద. హైటెక్ సిటీలో మొదటి అద్దాల మేడ లేస్తున్న రోజులవి. ఆమె అక్కడ ఇటుకలు మోసేది. భర్త సాయిలు పడవ కరెంటు పని చూసేవాడు. పొద్దున్నే బ్యాటరీ తీగలు విప్పి, ఆకుపచ్చ చిలుము మీద సోడా నీళ్లు పోసేవాడు. పొంగు తగ్గాక పాత పళ్ల బ్రష్‌తో తోమి, మెడలోని తువ్వాలతో తడి లేకుండా తుడిచి, తీగలు బిగించి, మళ్లీ చిలుము పట్టకుండా బొటనవేలితో గ్రీజు పూసేవాడు, పసిపిల్లకు కాటుక దిద్దినంత మెల్లగా.

"ఇంకొక్కసారి నడి చెరువుల ఆగిందంటే పాత సామానోనికి అమ్ముత," అన్నాడు పడవ యజమాని. మర్నాడు చూస్తే గ్రీజు డబ్బా ఖాళీ. సాయిలు ఇంటికి పరుగెత్తాడు. ఆ రోజు మీట నొక్కగానే పడవ మోటారు అందుకుంది. సాయంత్రం రుక్కమ్మ వ్యాజిలిన్ డబ్బా మూత తీస్తే లోపల వెడల్పాటి బొటనవేలి గుంట, అంచున ఆకుపచ్చ మరక.

"నా కాళ్లు పగిలితే పగలనీ, నా సవతి మంచిగున్నదా?" అందామె.

పడవ పోయి ఎన్నేళ్లయిందో. ఇప్పటికీ ఆమె ముందు ఆ మాటెత్తితే సాయిలు బొటనవేలు పిడికిట్లో దాచుకుంటాడు.

"అంత ఉత్తదే. నాకసలు పడవే తెల్వదు," అంటాడు.