ఏడో మిషన్ అబద్ధం చెప్పలేదు

పదేళ్లకు పైబడి ఒక బరువు మోస్తున్నాను. చూడ్డానికి బరువేమీ కాదు. బిస్కెట్టంత చిప్పు. దాని మీద నేను పేర్చిన అబద్ధాలే బరువు.

ఇప్పటికీ ఎవరన్నా కంప్యూటర్ ఆన్ చేసి, నల్ల తెర మీద తెల్లక్షరాలు వరసలు వరసలుగా పైకి పోతాంటే నేను పక్కకు చూస్తాను. ఆ వరసల్లో ఒకచోట ప్రాసెసర్ చిప్పు తనకేమేం వచ్చో చెప్పుకుంటుంది. దాంతోపాటు నేను చేసింది కూడా చెప్పేస్తుందేమోనని భయం. మీకు నవ్వొస్తాందా? నాకూ వస్తుంది, మధ్యలోనే ఆగిపోతుంది.

తొంభైల చివర అనంతపురం బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లాబ్ అసిస్టెంటుగా ఉండినాను. ఉద్యోగం టెంపరరీ, భయం పర్మనెంటు. మా ఊళ్లో దుమ్ముకు కొదవ లేదు కాబట్టి కంప్యూటర్లు విప్పి దులపడం నా పని. ఒకరోజు ప్రిన్సిపాల్ గదిలోది దులిపి, ప్రాసెసర్‌కు ఎన్ని వోల్టులు పోవాలో చెప్పే చిన్న జంపరును ఒక పిన్ను పక్కకు పెట్టినాను. ఆన్ చేసినాను. కాలిన వాసన.

చిప్పు పోతే చేతికి అడుక్కునే చిప్పే అనిపించింది. చెప్పుంటే ఏమయ్యేది? తిట్టేవాళ్లేమో. తీసేసేవాళ్లేమో. అప్పుడు అంత ఆలోచించలేదు. లాబ్‌లో ఏడో మిషన్ సీలు చింపి, దాని చిప్పు తెచ్చి ప్రిన్సిపాల్ కంప్యూటర్లో పెట్టినాను. ఏడో దాంట్లో బీరువాలో పడున్న పాత రకం పెట్టినాను. వేగం రెండింటిదీ ఒకటే. తేడా అల్లా, బొమ్మల లెక్కలు గబగబా చేసే ఎమ్ఎమ్ఎక్స్ అనే కొత్త విద్య పాతదానికి రాదు. పైన కొత్త సీలు అంటించినాను. నువ్వెవరని చిప్పును ఎవరడుగుతారు అనుకున్నాను.

అడిగింది సుంకమ్మ.

యాడికి అనే ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల, ఫైనలియర్. ఆమె ప్రాజెక్టు ఫ్లాపీ నుంచి లేచే చిన్న కెర్నల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాము. అది లేవగానే, వేరే ఏ పనీ మొదలుపెట్టకముందే, నీకేమేం వచ్చు అని ప్రాసెసర్‌ని అడుగుతుంది. వచ్చిన జవాబును తెర మీద వేసి, దాన్ని బట్టి దారి ఎంచుకుంటుంది. నెలల తరబడి ఐదో మిషన్లో చేసుకునింది. అక్కడ ఎప్పుడూ "ఎమ్ఎమ్ఎక్స్ ఉంది" అనే వచ్చేది. పరీక్ష రోజు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఐదో దాంట్లో చూసి, ఏడో దాంట్లో కూడా వేసి చూపించమన్నాడు.

"లేదు" అని వచ్చింది.

ఎగ్జామినర్ స్టాక్ రిజిస్టర్ తెప్పించుకున్నాడు. రెండు మిషన్లూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. "ఏమ్మా, ఆడ ఉండాదంటుంది, ఈడ లేదంటుంది. ప్రోగ్రామా, సోదెనా ఇది?" అన్నాడు.

"అది సొంతంగా ఏమీ చెప్పదు సార్. చిప్పు చెప్పిందే చెప్తుంది. మూత తీసి చూద్దాం సార్, రెండు నిమిషాలు."

ఆయన నా వైపు తిరిగినాడు. "ఏమప్పా, దీన్ని ఎవరన్నా విప్పినారా?"

"లేదు సార్. సీలు అట్లే ఉండాది. తీస్తే వారంటీ పోతుంది."

ఎంత సాఫీగా వచ్చింది ఆ మాట. నా నోటికి ఆ విద్య ఉందని నాకే తెలీదు. ఎగ్జామినర్ తల ఊపి, మార్కుల కాగితం మీదకు వంగినాడు. సుంకమ్మ నన్నే చూసింది. అనుమానంతో కాదు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ వారమే బెంగళూరు పోయి, సరైన చిప్పు ఒకటి వెతికి తెచ్చి ఏడో దాంట్లో పెట్టినాను. తప్పు దిద్దుకున్నాననుకున్నాను. అదెంత పెద్ద తప్పో తర్వాత తెలిసింది.

పది రోజులకు సుంకమ్మ లాబ్‌కు వచ్చింది. చేతిలో కోడ్ ప్రింటు తీసిన కాగితాలు, ప్రతి వరస పక్కనా పెన్సిల్ టిక్కులు. "తప్పు యాడుండాదో దొరకలేదు సార్. ఒక్కసారి ఏడో దాంట్లో వేసి చూస్తా" అనింది. వద్దనడానికి నా దగ్గర సాకు లేకపోయింది. ఫ్లాపీ వేసింది.

"ఉంది" అని వచ్చింది.

ఫ్లాపీ బయటికి తీసి నాకు చూపించింది. "అదే ఫ్లాపీ సార్. ఒక్క అక్షరం మార్చలేదు. ఒకరోజు లేదంటుంది, ఒకరోజు ఉండాదంటుంది. ఆ సార్ చెప్పిందే నిజం. నా కోడ్ నమ్మేదానికి లేదు."

అప్పుడన్నా చెప్పొచ్చు కదా? ఎగ్జామినర్ లేడు, రిజిస్టర్ లేదు, ఇద్దరమే ఉన్నాం. నోరు తెరిచినాను కూడా. బయటకొచ్చింది మాత్రం "కరెంటు తేడాలకు అట్ల అవుతాంటాదిలేమ్మా" అని. ఆమె తల ఊపి కాగితాలు మడుచుకునింది.

ప్రాజెక్టు మార్కులు తగ్గి ఫస్ట్ క్లాసు తప్పింది. ఫస్ట్ క్లాసు వస్తేనే తీసుకుంటామన్న కంపెనీ తీసుకోలేదు. గార్లదిన్నెలో ఏదో ఆఫీసులో టైపు పని చేస్తాందని, ప్రోగ్రాముల జోలికి పోలేదని ఆమెతో చదివిన వాళ్లు చెప్పినారు. ఉద్యోగం పోగొట్టినందుకు నాకు బాధ ఉంది. కానీ దాన్ని మించి, సరిగ్గా పనిచేసిన దాన్ని తన చేతులతో తానే తప్పనుకునేలా చేసినాను చూడండి, దానికి పేరేం పెట్టాలో తెలీక ఇన్నేళ్లు నలుగుతున్నాను. నా ఉద్యోగం ఆ తర్వాత పర్మనెంటయింది. అది కూడా చెప్పాలి.

మీరు నన్ను క్షమించడానికి ఇందులో మీదేమీ పోలేదు. క్షమించాల్సిన మనిషికి ఈ సంగతే తెలీదు. గార్లదిన్నె ఎంత దూరమని? బస్సెక్కితే గంట పట్టదు. ఎక్కలేదు. ముందు కాగితం మీద పెడితే కాళ్లు కదులుతాయేమోనని రాస్తున్నాను. రాస్తాంటే ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. అది ఆమెకు రావలసిన ఊపిరి అని తెలిసీ పీల్చుకుంటున్నాను.

సుంకమ్మా, ఆ రోజు ఏడో మిషన్లో ఎమ్ఎమ్ఎక్స్ లేదు. తీసింది నేను. నీ కోడ్‌లో తప్పు లేదు.