మూడో గిన్నె

మా ఫోర్‌మన్ గారు పోయారన్న కబురు నేను లేత్ మిషను మీద ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఒకప్పుడు మా ఇద్దరితో కలిసి పనిచేసిన వెల్డరు. మిషను చప్పుడులో సరిగ్గా వినబడక, ఆపి, షెడ్డు బైటికొచ్చి మళ్ళీ చెప్పమన్నాను.

"పెద్దాయన పోయాడమ్మా. పొద్దున్న ఆరింటికంట. నాలుగు రోజుల్నుంచి ఆస్పత్రిలోనే ఉన్నాడంట, మనకెవలికీ సెప్పనేదు" అన్నాడు.

ఆ నాలుగు రోజుల్లోనే ఆయన నాకు స్వయంగా ఫోన్ చేశారు. "ఈ ఆదివారం రానేనమ్మా, కాస్త జొరం తగిలింది" అన్నారు. ఆ మాట ఆస్పత్రి మంచం మీంచి అన్నారని అప్పుడు తెలియదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఆయన గురించి రాయాల్సిన మంచి చాలా ఉంది. కానీ ఆయన నన్ను మోసం చేసి పోయారు. ఆయన ఇంట్లో నన్ను ఆయన ప్రాణం తీసినదాన్నిగా నిలబెట్టి పోయారు. ఆ కోపం ముందు చెప్పుకోకపోతే మిగతాది నా చేత్తో రాదు, ఓర్చుకోండి.

ఇరవై ఏళ్ళ కిందట ఐటీఐలో టర్నర్ ట్రేడ్ పాసై, పని కోసం ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ తిరిగాను. ఆడపిల్ల చేతికి లేత్ మిషను ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కూర్చోబెట్టి, టీ తాగించి, నవ్వి పంపేవారు. ఈయన నవ్వలేదు, టీ కూడా ఇవ్వలేదు. చేతిలో మైక్రోమీటరు పెట్టి, ఒక రాడ్డు ముక్క ఇచ్చి "ఎంతుందో సెప్పు" అన్నారు. చెప్పాను.

"జడ ముడెట్టుకుని, గాజులు తీసేసి రేపట్నుంచి రా. మిషనుకి ఆడా మగా తెల్దు. జుట్టు దొరికితే లాగుతాది, అంతే."

అదే నా ఉద్యోగం. ఆరేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. కళ్ళతో చూసి వెంట్రుకవాసి తేడా పట్టేసేవారు. రోజుకొక్కసారైనా ఒక మాట అనేవారు: "ఇనుముకి అబద్దం సెప్పలేవమ్మా. గేజీ ఎట్టగానే బైటపడిపోద్ది." మధ్యాహ్నాలు నా క్యారేజీలో కూర బాగోలేకపోతే తన క్యారేజీ నా వైపు తోసేవారు. పండక్కి వాళ్ళింటికి తీసుకెళ్ళి భోజనం పెట్టించేవారు. వాళ్ళావిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ చేతి చేపల పులుసు ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు.

చేరిన రెండో ఏడు ఒక పెద్ద తప్పు చేశాను. హార్బరు క్రేనుకి వెళ్ళాల్సిన షాఫ్టు, ఆఖరి కోతలో అర మిల్లీమీటరు ఎక్కువ తీసేశాను. తీసిన ఇనుము తిరిగి అతకదు కదా, వారం రోజుల పని బూడిదలో పోసిన పన్నీరైంది. యజమాని కేకలేసుకుంటూ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే ఫోర్‌మన్ గారు "నానే కోసినాను. కళ్ళజోడు మార్చాల" అన్నారు. అందరి ముందూ ఆయన తల దించుకుని ఆ తిట్లన్నీ తిన్నారు.

సాయంత్రం అడిగాను, "అబద్ధం చెప్పకూడదన్నారు కదండీ?" అని.

"ఇనుముకన్నాను. మడిసికి అప్పుడప్పుడూ సెప్పాల" అన్నారు, నూనె చేతులు తుడుచుకుంటూ.

నవ్వేశాను. ఆ అబద్ధం నా పక్షాన ఉంది కాబట్టి నాకది ధర్మంగానే కనబడింది.

ఇక రామెన్ సంగతి, అంటే జపాన్ వాళ్ళు రసంలో వేసిచ్చే నూడుల్స్. ఆయన రిటైరయ్యారు, నేను సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను. పోయినేడాదికి ముందేడు ఆయుధ పూజ రోజున రెండో లేత్ మిషను వచ్చింది. కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించి, "ఏం తింటారో చెప్పండి, ఈ రోజు నా విందు" అన్నాను. సీతమ్మధార వైపు జపాన్ నూడుల్స్ దుకాణం ఒకటి పెట్టారట కదా, అక్కడికి తీసుకెళ్ళమన్నారు. నేను తెల్లబోయాను. అప్పటికే ఊళ్ళో కుర్రకారంతా అక్కడే ఉంటున్నారు. ఆదివారం వస్తే క్యూ సందు చివరిదాకా ఉంటుంది, తలుపు పక్కన పలక మీద పేర్లు రాసుకుని నిలబడాలి.

పెళ్ళికి ముందు ఆయన్ని కంపెనీవాళ్ళు కొత్త మిషను నేర్చుకోవడానికి మూడు నెలలు జపాన్ పంపారు. అక్కడ రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి రోజూ రామెన్ తినేవారట. ఆ రుచి గురించి ఎప్పుడు చెప్పినా షెడ్డులో అందరూ కోతలనుకునేవారు. నేనూ అనుకున్నాను. ఆ రోజు పొగలు కక్కే గిన్నె ముందు పెట్టగానే ఆయన ముందు రసం ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయారు.

"అదేనమ్మా. ఇన్నేళ్ళయినా అదే" అన్నారు.

తర్వాత నూడుల్స్ అందుకుని జుర్రున పీల్చారు. పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. తినేటప్పుడు చప్పుడు చేస్తే మా అమ్మ వీపు మీద ఒకటిచ్చేది, నాకు తల కొట్టేసినట్టయింది. "అక్కడ సప్పుడు సెయ్యకుండా తింటేనే వంటోడు బాధపడతాడు. నువ్వూ లాగు" అన్నారాయన. నేనూ లాగాను. సగం నా చున్నీ మీద పడింది.

కోడి ఎముకలు గంటలకొద్దీ మరిగించిన రసం అది, చిక్కగా, ఉప్పగా ఉంటుంది. నేను నూడుల్స్, గుడ్డు తినేసి రసం సగానికి పైగా వదిలేశాను. "అంత పులుసూ ఒగ్గేసినావేటి?" అన్నారు. ఆయనకి ఇద్దామంటే అప్పటికే అది నా ఎంగిలి. పెద్దాయనకి ఎంగిలి ఎలా ఇస్తాను? ఆయన ఆ గిన్నె వంక చూసిన చూపు నాకు గుర్తుండిపోయింది. అందుకని రెండోసారి వెళ్ళినప్పుడు ఒక ఖాళీ గిన్నె అడిగాను. నేను ముట్టుకోకముందే నా రసంలో సగం అందులోకి తోడి ఆయన ముందు పెట్టాను. అదే అలవాటైపోయింది. కొన్నాళ్ళకి వడ్డించే అమ్మాయి మమ్మల్ని చూడగానే అడక్కుండా మూడు గిన్నెలు తెచ్చేది. రెండింటిలో రామెన్, మూడోది ఖాళీ. ఆయన తన గిన్నె ఖాళీ చేసి, ఆ మూడో గిన్నె కూడా రెండు చేతులతో ఎత్తి చివరి చుక్క దాకా తాగేవారు.

అక్కడిచ్చే చెక్క పుల్లలు ఆయనకి నచ్చలేదు. ఒక రోజు మా షెడ్డుకొచ్చి సన్నటి స్టెయిన్‌లెస్ రాడ్డు తీసుకుని, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మిషను ముందు నిలబడి రెండు జతల పుల్లలు చేశారు. నూడుల్స్ జారకుండా కొసల మీద నర్లింగ్ కొట్టారు, అంటే పనిముట్ల పిడికి పట్టు కోసం కొట్టే సన్న గళ్ళు. ఒక జత నాకు, ఒక జత ఆయనకి. నేను పారేస్తానని రెండూ తన జేబులోనే గుడ్డలో చుట్టి తెచ్చేవారు.

ఏడాదిన్నర పాటు దాదాపు ప్రతి ఆదివారం అదే మధ్యాహ్నం, అదే బల్ల. "పిన్నిగారిని కూడా తీసుకురండి" అని ఎన్నోసార్లు అన్నాను. "ఆవిడకి తెలుసులే. ఇలాటియ్యి ఆవిడకి పడవు" అనేవారు. మధ్యలో బూట్లు మానేసి పెద్ద సైజు చెప్పులేసుకోవడం మొదలెట్టారు. బూట్లు కరుస్తున్నాయన్నారు. వెంట్రుకవాసి తేడా పట్టడం నేర్పిన మనిషి కాళ్ళు నా కళ్ళ ముందే వాస్తుంటే నేను పట్టలేకపోయాను.

కబురు విని పరుగున వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు. పిన్నిగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"మా ఇంట్లో అన్నం తిన్నావు కదమ్మా. ఉప్పు తిన్న ఇంటికి ఇలా సేత్తారా?" అన్నారు.

నాకేం అర్థం కాలేదు. వాళ్ళమ్మాయి నన్ను వరండాలోకి తీసుకొచ్చి చెప్పింది. రెండేళ్ళుగా ఆయన గుండె బాగా దెబ్బతింది. ఒంట్లో నీరు చేరుతోందని డాక్టర్లు ఉప్పు పూర్తిగా మానిపించారు. ఆదివారాలు నా షెడ్డులో పని చూపించడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేవారట. ఆస్పత్రిలో డాక్టరు గట్టిగా అడిగితే అప్పుడు రామెన్ సంగతి బైటపెట్టారట.

"నువ్వు బతిమాల్తావంట. కాదంటే సిన్నబుచ్చుకుంటావంట. నాన్న ఆమాటే సెప్పినాడక్కా" అంది.

ఒకప్పుడు నా తప్పు తన మీద వేసుకున్న మనిషి, చివరికి తన తప్పు నా మీద వేసి పోయారు. అది కూడా నన్ను అడగకుండా, నేను నోరు తెరవడానికి వీల్లేకుండా. శవం లోపల ఉండగా "ఆయనే రమ్మనేవారు" అని ఎలా అంటాను? పైగా ఆ ఉప్పు రసం ఎంగిలి కాకుండా తోడి తోడి పోసింది ఈ చేతులే. నాకు నిజం చెప్పి ఉంటే ఒక్క చెంచా పోసేదాన్నా? ఆయన దహనానికి వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

పదకొండో రోజు పెద్దకర్మకి వెళ్ళకూడదనుకున్నాను, కాళ్ళు ఆగలేదు. గేటు దగ్గరే ఉన్నాను. ఆయనకిష్టమైనవన్నీ వండి వాకిట్లో విస్తరి వేసి వడ్డించారు. చేపల పులుసు, వంకాయ కూర, గారెలు. పిన్నిగారు విస్తరి ముందు కూర్చుని, "ఇయ్యాల ఉప్పేసినాన్లే, తిను" అన్నారు. నేను అక్కణ్ణించి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ ఒక్కరే ఆటోలో మా షెడ్డుకొచ్చారు. ఏడాది తిరక్కుండా గడప దాటకూడదని వాళ్ళ పెద్దలంటారు, అందుకే ఆవిణ్ణి చూసి గాభరా పడ్డాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చీర కొంగులోంచి గుడ్డ మూట తీసి విప్పారు. రెండు జతల స్టీలు పుల్లలు.

"ఇయ్యి నువ్వు సేసిచ్చినావా?"

"కాదండీ. ఆయనే చేసుకున్నారు."

"తెలుసు. నీ నోట విందామని అడిగినాను." కొసలనున్న గళ్ళ మీద వేలు రాశారు. "నా జంతికల గొట్టం పిడికీ ఇయ్యే గళ్ళు. పెళ్ళైన కొత్తలో సేసిచ్చినాడు. ఎవలో బతిమాల్తే ఎల్లినోడు, కూకుని ఇంత ఓపిగ్గా ఇయ్యి సేసుకుంటాడేటి?"

ఆ గళ్ళు అబద్ధం చెప్పలేదు. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"రెండేళ్ళు నానూ సప్పిడి కూడే తిన్నాను. ఆయనొక్కడికీ వేరేగా వండితే మనసు కష్టెట్టుకుంటాడని. నా కంచం సూసి నువ్వు ఉప్పేసుకోవే అని ఒక్కనాడూ అన్లేదు." పుల్లలు చేతిలో తిప్పుతూ అడిగారు, "నన్నెప్పుడూ రమ్మన్లేదేటి?"

"ఎన్నోసార్లన్నానండీ. మీకు ఇలాంటివి పడవన్నారు."

"అలగన్నాడా?" అన్నారు. ఆ పుల్లలు మళ్ళీ గుడ్డలో చుట్టి, "అయితే తీసుకెళ్ళు. నాకేటి పడదో సూస్తాను" అన్నారు.

"ఏడాది దాటకుండా ఎవరైనా ఏమైనా అంటారేమో పిన్నిగారూ."

"ఆయన దాటనేదేటి గడప, పతీ ఆదివారం?"

వెళ్ళాం. పలక మీద పేరు రాసి, కాలేజీ పిల్లల మధ్య క్యూలో నిలబడ్డాం. అదే బల్ల దొరికింది. వడ్డించే అమ్మాయి అలవాటుగా మూడు గిన్నెలు తెచ్చి, "సార్ రాలేదా అండీ?" అంది. "రాడమ్మా" అన్నారు పిన్నిగారు, నాకంటే ముందే.

నా చెయ్యి నన్నడగలేదు. ముట్టుకోకముందే నా గిన్నెలో రసం సగం మూడో గిన్నెలోకి తోడేసింది. పోశాక చూసుకున్నాను, గరిటె వదిలేశాను. తీసెయ్యబోతే "ఒగ్గీ, ఉండనీ" అన్నారావిడ.

చెంచాతో ఒక గుక్క తాగి ఆవిడ దగ్గారు. రెండేళ్ళ చప్పిడి నాలుక మరి. "ఇంత ఉప్పా!" అన్నారు. మళ్ళీ ఒక గుక్క తాగారు. మళ్ళీ ఒకటి. అప్పుడు ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారడం మొదలైంది.

"బావుంది" అన్నారు. "అదే నా ఏడుపు. ఇంత బావుందని నాకు సెప్పకుండా పోయినాడు."

ఫోర్‌మన్ గారూ, నాకు పని నేర్పారు, కూడు పెట్టించారు, నా కోసం తిట్లు తిన్నారు. వాటికి బతికున్నంతకాలం చేతులెత్తి దణ్ణం పెడతాను. ఈ ఒక్కదానికి మాత్రం పెట్టను. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఎవరమూ మిమ్మల్ని క్షమించలేదు.

ఆవిడ తన గిన్నె పూర్తిగా తినేశారు. మూట విప్పి ఆయన పుల్లల జత తీసి, మూడో గిన్నె మీద అడ్డంగా పెట్టారు. దాన్ని ఇద్దరం ముట్టుకోలేదు. మేం లేచేసరికి అందులో రసం చల్లారిపోయి, పైన కొవ్వు తెల్లగా పొర కట్టింది.