దూది తక్కెడలో నా బరువు

కాటన్‌పేటలో మాది దూది అంగడి. వెనక భాగంలోనే కాపురం, కాబట్టి మా అన్నంలో కూడా అప్పుడప్పుడు దూదిపోగు తగిలేది. దూలానికి వేలాడే పెద్ద తక్కెడకు ప్రతి ఆయుధపూజకూ పసుపుకుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, ఇంట్లో పిల్లల్ని సరదాకు అందులో కూర్చోబెట్టి తూచేవాళ్ళు. ఏడాదిలో ఎవరెంత పెరిగారో చూసి పెద్దవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. పాత మణుగు రాళ్ళు పోయి కిలోల రాళ్ళు వచ్చిన కొత్తలో, నా పద్నాలుగో ఏట, నేను మా అన్నకంటే ఎక్కువ తూగాను.

రాళ్ళు వేస్తున్నది మా మేనత్త. "ఏమప్పా ఇది, ఆడపిల్లా, దూది మూటా? ఇంకో రాయి తెండి!" అని అరిచింది. మూటలు మోసే హమాలీలతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. వచ్చే ఆయుధపూజకు ఇందులో సగం తూగి చూపిస్తానని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, నేను కంచం మీద చూపాను.

పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం నాలుగు దోసకాయ ముక్కలు, రాత్రి ఆకలి లేదనే అబద్ధం. అవ్వ పెట్టిన రాగిముద్దను ఓణీ చాటున దాచి, అంగడి ముందు కట్టేసిన బండెద్దుకు పెట్టేదాన్ని. మూడు నెలల్లో నేను చిక్కాను, ఎద్దు బలిసింది.

"ఇప్పుడు చూడు, ఆడపిల్ల మాదిరి ఉండావు," అంది అత్త. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత జడ సన్నబడింది. దువ్వెన నిండా వెంట్రుకలే. నెలసరి ఆగిపోయింది, ఎవరికీ చెప్పలేదు. ఎండలో నిలబడినా చలి. అన్నీ ఓర్చుకున్నాను. ఇనుప గుండు దగ్గరే ఓడిపోయాను.

మా బడిలో ఆ గుండు విసరడంలో నన్ను మించినవాళ్ళు లేరు. చిన్నప్పటినుంచీ తూకపురాళ్ళు ఎత్తిన చెయ్యి మరి! ఊళ్ళో బడులన్నిటికీ కలిపి జరిగే పోటీకి డ్రిల్లు టీచరమ్మ ఎప్పుడో నా పేరు రాసుకుంది. ఒకరోజు సాధనలో విసిరితే గుండు నా కాళ్ళ ముందే పడింది. దాని పక్కన నేనూ పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి టీచరమ్మ నా మొహం మీద నీళ్ళు చల్లుతోంది. "పొద్దున ఏం తిన్నావమ్మాయ్?"

చెప్పాను. ఆమె తిట్టలేదు. "నీ పేరు కొట్టేస్తున్నా. తిని, బలం తెచ్చుకునిరా. మళ్ళీ రాస్తా," అంది. అత్త నవ్వినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఒంట్లో రక్తం లేదని, ఇలాగే సాగితే గుండెకే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "గాలికి ఎగిరేది దూది తల్లీ. మనిషి నిలబడాల. తిను."

తినడమూ సులభం కాలేదు. మొదట్లో గంజి కూడా కక్కేదాన్ని. గంజి నుంచి పప్పన్నానికీ, పప్పన్నం నుంచి ముద్దకూ రావడానికి నెలలు పట్టింది. నేను మింగేదాకా అవ్వ ఎదురుగా కూర్చునేది. ఎద్దును వీధి చివర కట్టించింది. పోయిన బరువు ఇంకొంత తోడు తెచ్చుకుని మరీ వచ్చింది. నెలసరి వచ్చింది. జడ మాత్రం బాగా ఆలస్యం చేసింది. టీచరమ్మ నా పేరు మళ్ళీ రాసింది.

దసరాకు ముందే పోటీ. మొదటి రెండు విసుర్లకూ నాది రెండో స్థానమే. మూడోసారి కాలు గట్టిగా తన్నిపెట్టి, ఒళ్ళంతా దాని వెనక వేసి విసిరాను. టేపు పట్టుకున్నాయన, మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి గుర్తుకు పాతిన జెండా దాటి ఇంకా నడవాల్సొచ్చింది. గెలిచాను! బహుమతి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. నా సంగతి వాళ్ళకెవరు చెప్పారో!

ఆ ఆయుధపూజకు నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్ళి తక్కెడలో కూర్చున్నాను. అత్త రాళ్ళు వేసింది. నా పళ్ళెం నేల వదల్లేదు.

"ఇంకో రాయి వెయ్యి అత్తా," అన్నాను.

మిగిలింది ఇరవై కిలోలది. అత్త రెండు చేతులా పట్టి జానెడు లేపి, ఆయాసపడుతూ దించేసింది. హమాలీ ఒకడు ముందుకొచ్చాడు. వద్దన్నాను. దిగి, దాన్ని ఒంటిచేత్తో ఎత్తి అవతలి పళ్ళెంలో పెట్టి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాను.