పిల్లికి సూది, మా నాయనకు సూదులు

ఆళ్లగడ్డ బజారులో మాది కిరాణా అంగడి. వెనక గోడౌన్లో బియ్యం మూటల మధ్య ఒక నల్లపిల్లి ఉండేది. ఎడమ చెవి సగం తెగిపోయింది. మేం దాన్ని తేలేదు, అదే వచ్చింది. అది వచ్చాక ఎలుకలు తగ్గాయి కాబట్టి మా నాయన దాన్ని అంగడి మనిషిగానే చూసేవాడు.

ఒకరోజు మునిసిపాలిటీ మనిషి వచ్చి, కుక్క ఉన్నా పిల్లి ఉన్నా రేబీస్ టీకా వేయించి, యజమాని పేరుతో రిజిస్టర్ చేయించాలని చెప్పాడు.

"కుక్కంటే సరే. పిల్లి యాడన్నా కరుస్తాదా?" అన్నాడు నాయన.

"గీరినా ప్రమాదమేనప్పా. తొందరగా వేయించు."

కళ్లద్దాలైనా పెళ్లిబట్టలైనా నంద్యాలకే పోవాలన్నది నాయన నమ్మకం. పిల్లి సూదికీ అంతే. బిస్కెట్ల అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, దాన్ని అందులో కూర్చోబెట్టి, తాడు కట్టి ఇద్దరం బస్సెక్కాం. పెట్టె దారి పొడుగునా అరుస్తూనే ఉంది.

"ఏముందప్పా అందులో?" అన్నాడు కండక్టర్.

"బిస్కెట్లు" అన్నాడు నాయన, పెట్టె మీది బొమ్మ చూపిస్తూ. పెట్టె మళ్లీ అరిచింది. కండక్టర్ ఇంకేమీ అడగకుండా ముందుకు పోయాడు.

నంద్యాలలో పశువుల డాక్టరు పెట్టె విప్పి, తెగిన చెవి చూసి నవ్వాడు. "దీనికి నిన్ననే వేసినా గదా! ఆళ్లగడ్డ నుంచి ఒకమ్మ తెచ్చింది. సర్టిఫికెట్ గూడా ఆమె పేరు మీదే ఇచ్చినా. పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టదని మరీమరీ చెప్పిందే."

ఆ మాటతో ఎవరో తెలిసిపోయింది. మా అంగడి పక్కింటి అమ్మగారు. ఆమె భర్త అహోబిలంలో అర్చకత్వం చేసి, ఈమధ్యే మా ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. ఊరంతా ఆయన్ను స్వామి అంటుంది.

బస్సు దిగి నాయన పెట్టెతో సహా నేరుగా వాళ్ల వసారాలోకి పోయాడు.

"అమ్మగారూ, మా పిల్లి మీ పేరు మీదికి ఎట్లెక్కింది?"

"మీ పిల్లా? పొద్దున్నే మా గడప దగ్గరే కూచోనుంటాది గదా. మీ అంగట్లో ఏం పెడతాండారు దానికి?"

"పెట్టేదేంది? అదే పట్టుకోని తింటాంది."

"ఏం పట్టుకోని?"

లోపలి నుంచి స్వామి కూడా వచ్చి నిలబడ్డారు. నాయన తడబడి "అదే... గింజలు" అన్నాడు.

ఇంతలో తాడు వదులై పిల్లి ఎగిరి దూకింది. పోతూ పోతూ నాయన ముంజేతిని గీరేసింది. రక్తం కారింది. స్వామే కొళాయి కిందికి లాక్కుపోయి, సబ్బుతో చాలాసేపు కడిగారు. తర్వాత నేను ఆసుపత్రికి తీసుకుపోయాను.

"పిల్లికి టీకా అయింది సార్" అన్నాను.

"ఎప్పుడు?"

"నిన్న."

"అది పనిచేసేదానికి ఇంకా టైం పడతాది. ముందు ఈయనకు వేయల్ల" అని డాక్టరు గాయం చుట్టూ ఒకసారి, చేతికి ఒకసారి పొడిచి, మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పాడు. పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడమన్నాడు.

మడి ఉన్న ఇంట్లో పిల్లిని కట్టెయ్యడం కుదరదన్నారు అమ్మగారు. అందుకని మా గోడౌన్లోనే పెట్టి తలుపేశాం. అయితే కాగితం మీద పిల్లి తమది కాబట్టి కాపలా తమదేనన్నారు స్వామి. రోజూ మధ్యాహ్నం పెరుగన్నం గిన్నెతో వచ్చి, లోపల కుర్చీ వేసుకుని పిల్లిని చూస్తూ కూర్చునేవారు.

ఒకరోజు నేను అక్కడే శనగలు తూకం వేస్తున్నాను. పిల్లి గిన్నెవైపు కూడా చూడలేదు. మూటల సందులోంచి పందికొక్కును ఈడ్చుకొచ్చి, సరిగ్గా స్వామి కాళ్ల ముందర పెట్టుకుని తినసాగింది. ఆయన కాసేపు చూసి, లేచి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు.

"ఇంట్లో చెప్పొద్దప్పా" అన్నారు గోడతో అన్నట్టు.

గడువు తీరింది. పిల్లికి ఏమీ కాలేదు. అమ్మగారూ, స్వామీ, మేమూ నిలబడి ఉండగా నాయన తలుపు తీశాడు. పిల్లి మాలో ఒక్కరివైపైనా చూడకుండా రోడ్డు దాటి చికెన్ అంగట్లోకి పోయింది.

"యాడికి పోయినావే ఇన్నాళ్లు? సచ్చిపోయినావనుకుంటి!" అని ఆ అంగడాయన కత్తి పక్కన పెట్టి, దానికి ఒక తోలుముక్క విసిరాడు. మమ్మల్ని చూసి గట్టిగా కేకేశాడు. "పిల్లులకు గూడా సూదేయించల్నంట గదన్నా! రేపు దీన్ని నంద్యాలకు తీసకపోతాండా."

అమ్మగారు స్వామివైపు చూశారు. స్వామి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"వద్దప్పా" అన్నాడు నాయన, చెయ్యి రుద్దుకుంటూ. "దానికైపాయ. నాకే ఇంకోటుంది."