జిమ్మ తేలనిదే బండి కదలదు

మైసయ్య ఎవరి ట్రాలీనైనా తన ట్రాక్టరుకు తగిలించుకునే ముందు "జిమ్మ ఎవరిది?" అని అడిగేవాడు. అడిగి ఊరుకుంటే లోకం ఓర్చుకునేదే. జవాబు వచ్చేదాకా సీటెక్కేవాడు కాదు. వచ్చిన జవాబు తిన్నగా లేకపోతే మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టేవాడు. దారిలో ఏదైనా జరిగితే పూచీ ఎవరిదో నలుగురి ముందర, నోటితో చెప్పాలి. అప్పుడే బండి కదిలేది.

ట్రాక్టరు అతని సొంతమే. సాగర్ డ్యాము పనుల్లో అరిగి అరిగి వేలానికి వచ్చిన పాత బండి. ట్రాలీ మాత్రం లేదు. జడ్చర్ల మార్కెట్లో పల్లికాయ వ్యాపారులకు ట్రాలీలుండేవి, గుంజడానికి బండ్లు ఉండేవి కావు. వాళ్ల ట్రాలీలను కిరాయికి గుంజడం మైసయ్య పని. బస్తాలు ఎత్తి కట్టడం అతని బామ్మర్ది ఐలేశం పని. బస్తాలు మోస్తే ఐలేశానికి నడుమే నొచ్చేది. ఆ తర్వాత జరిగే సంభాషణ వింటే తల కూడా నొచ్చేది.

"సేటూ, దారిల టైరు పగిలితే జిమ్మ ఎవరిది?"

"టైరు నాది, జిమ్మ నాది," అనేవాడు రాజలింగం సేటు. పల్లికాయ వ్యాపారుల్లో మైసయ్యకు ఎక్కువ కిరాయిలిచ్చేది ఆయనే. కాబట్టి ఎక్కువ బాధపడేదీ ఆయనే.

"బస్తా జారి మనిషి మీద పడితే?"

"కట్టింది మీ బామ్మర్ది. ఆయన్నడుగు."

"నన్నెందుకు గుంజుతరు సేటూ," అనేవాడు ఐలేశం, చక్రం నీడలో కూర్చున్న చోటునుంచి లేవకుండా.

"సరే, నాదే. ఇగ పో."

"దిగుడుల బండి ఆగక మేక కిందికొస్తే?"

"జిమ్మ మేకది."

"మేకకు నోరు లేదు సేటూ. అది ఒప్పుకోదు."

"మైసయ్యా, మబ్బుల, తెల్లారకముందే లేచి వచ్చిన. ఇంకా చాయ్ తాగలే."

"తాగుండ్రి. ఎవలొద్దన్నరు? మేక సంగతి చెప్పి తాగుండ్రి."

చివరికి సేటు రెండు చేతులూ ఎత్తి, "మేక నా జిమ్మ. మనిషి నా జిమ్మ. కల్వకుర్తి దాంక ఉన్న ఊర్లన్ని నా జిమ్మ. నువ్వైతే కదులు తండ్రీ," అనేవాడు. మైసయ్య అప్పుడు హమాలీల వైపు తిరిగి, "అందరు ఇంటిరా?" అని అడిగేవాడు. వాళ్లు తలలైనా ఎత్తకుండా, విన్నామన్నట్టు "ఇంటిమి" అనేవారు. రోజూ వినీ వినీ వాళ్లకది నిద్రలో కూడా వచ్చేది.

ఈ రోగం ట్రాలీలతో ఆగలేదు. పక్కింటావిడ నీళ్లకు పోతూ "జర పిల్లను పట్టుకో అన్నా" అంటే, "ఏడిస్తే జిమ్మ ఎవరిది?" అని అడిగాడు. ఆ పిల్ల ఆ ప్రశ్నకే ఏడ్చింది. అతని భార్య సత్తమ్మ, ఐలేశానికి అక్క, పొయ్యి మీది కుండ దించమంటే, "పగిలితే?" అన్నాడు. "పగిలితే ఇయ్యాల నీకు కూడు లేదు," అంది సత్తమ్మ. అంత తేటగా జిమ్మ చెప్పిన మనిషి ఇంకొకరు లేరని తర్వాత ఐలేశంతో మెచ్చుకున్నాడు.

ఒకసారి పెండ్లివాళ్లు ట్రాలీలో కూర్చుని ముహూర్తానికి పోతున్నారు. ట్రాలీ పెండ్లిపిల్ల తండ్రిది, కూర్చున్నది పెండ్లిపిల్లవాని తరపువాళ్లు. పిల్లవానికి దెబ్బ తగిలితే జిమ్మ ఎవరిదని మైసయ్య అడిగాడు. "మా ట్రాలీల కూసున్నంక మా జిమ్మనే" అన్నాడు పిల్ల తండ్రి. "అంటే మా పిల్లగానికి దెబ్బ తగుల్తదని నీ ఉద్దేశమా?" అని పిల్లవాని తండ్రి దిగిపోయాడు. ఆయన్ను మళ్లీ ఎక్కించేసరికి ఐలేశానికి గొంతు పోయింది. ముహూర్తం దాటిపోతోందని డోలు వాయించేవాడు ముందుకొచ్చి, "అందరి జిమ్మ నాది, పోనియ్యన్నా," అన్నాడు. మైసయ్య అతణ్ని ఎగాదిగా చూసి, "నీకేమున్నదని జిమ్మ పడ్తున్నవు?" అని అడిగాడు.

"నువ్వు భయస్తునివి బావా," అన్నాడు ఐలేశం ఆ రోజు. "నీ మీదికి రావొద్దని గిదంత."

మైసయ్య సీటెక్కి బండి స్టార్టు చేశాడు.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. ట్రాక్టరుకు బీమా ఉండేది. అది లేకుండా రోడ్డెక్కనివ్వరు. ట్రాలీ సంగతి తేల్చుకుందామని మైసయ్య ఒకసారి ఐలేశాన్ని వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ పోయాడు. బీమా ఆఫీసులో కూర్చున్న ఆయన పాపం మంచివాడే. ట్రాలీ ఎవరిదైతే వాళ్లే బీమా చేయించుకోవాలన్నాడు. ట్రాలీ సేట్లేమో, గుంజేది నీ బండి కాబట్టి నీ బీమాలోనే వస్తుందంటున్నారని మైసయ్య చెప్పాడు. ఆయన పంకా వైపు చూశాడు. "తగిలించి ఉన్నంతసేపు రెండూ ఒకటే బండి అనుకోవచ్చు. కాదని కూడా అనుకోవచ్చు. కోర్టు ఏదంటే అది," అన్నాడు.

"మరి కింద పడ్డ మనిషి ఏమనుకోవాలె సార్?"

ఆయన చాయ్ తెప్పించాడు. మైసయ్య తాగాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఐలేశం నిద్రపోయాడు.

ఆ ఏడు పల్లికాయ బాగా పండింది. సేట్లు పాత ట్రాలీలను కూడా బయటికి తీశారు. రాజలింగం సేటు ట్రాలీకి ముందుండే ఇనుప కొక్కెం ఒకవైపు అరిగి పలచబడింది. మైసయ్య దాన్ని వేలితో తడిమి, "ఇది మార్పియ్యాలె సేటూ," అన్నాడు.

"ఈ సీజను పోనీ."

"తెగితే జిమ్మ ఎవరిది?"

"తెగితే నా జిమ్మ. మేక నా జిమ్మ. అన్ని నా జిమ్మ," అన్నాడు సేటు, విసుగ్గా, మార్కెట్టంతా వినేటట్టు.

కల్వకుర్తి నుంచి నిండు బస్తాలతో వస్తూ ఒక గుట్ట ఎక్కుతుండగా ఆ కొక్కెం తెగింది. ట్రాక్టరు ముందుకు ఉరికింది. ట్రాలీ వెనక్కి జారింది. బస్తాల మీదున్న ఐలేశం ఎట్లా దూకాడో అతనికే తెలియదు. రోడ్డు పక్కన గొర్లను తోలుకొస్తున్న గుర్వయ్య వాటిని అదిలించి పక్కకు తోశాడు గానీ తాను తప్పుకోలేకపోయాడు. గొర్లన్నీ బతికాయి. గుర్వయ్య కాలు రెండుచోట్ల విరిగింది.

దవాఖానకు ఎడ్లబండిలో తీసుకుపోయారు. దారి పొడుగునా మైసయ్య ఆ కాలును ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఐలేశానికి అదే ఎక్కువ భయమనిపించింది.

దవాఖాన అరుగు మీదికి ఒక్కొక్కరే వచ్చారు. బీమా ఏజెంటు వచ్చి, "ట్రాలీ ఊడిపోయింది గదా. ఊడినంక అది ట్రాక్టరు కాదు. ట్రాలీకి బీమా లేదు," అన్నాడు. సేటు వచ్చి, "గుంజుకపోయింది నువ్వు. నాకేం సంబంధం?" అన్నాడు. గుర్వయ్య భార్య సోమమ్మ వాళ్ల మధ్య నిలబడి, మాట్లాడే ప్రతి మనిషి మొహం వైపూ తిరిగి చూస్తూ ఉంది.

వాళ్లు పోయాక మైసయ్య ఐలేశం పక్కన కూర్చున్నాడు.

"లారీ మీద క్లీనరుగ ఉన్నప్పుడు ఒక ముసలామె కిందికొచ్చింది," అన్నాడు. "లారీ ఒకనిది, సరుకు ఒకనిది. ఇద్దరు గిట్లనే దవాఖాన కాడ నాది గాదంటే నాది గాదని కొట్లాడిండ్రు. ఆమెను లోపలికి తీసుకపోయినోడు లేడు. అప్పటిసంది అడుగుతున్న. ముందుగాల ఒప్పుకుంటే వెనుక తప్పించుకోరనుకున్న."

ఇన్నేండ్లు ఐలేశం అది బావ తన ఒళ్లు కాపాడుకునే తెలివనుకున్నాడు.

కేసు కోర్టుకెక్కింది. సేటు పెట్టిన వకీలు మైసయ్యను పక్కకు పిలిచాడు. "గొర్లకాపరి చూసుకోకుండా రోడ్డు మధ్యలకు వచ్చిండని చెప్పు. సేటు బయటపడ్తడు, నువ్వు బయటపడ్తవు. బండి ఉంటది, లైసెన్సు ఉంటది."

"మరి గుర్వయ్య?"

"ఆయన జిమ్మ నీకెందుకయ్యా?"

మైసయ్య లోపలికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుర్వయ్య రోడ్డు పక్కనే ఉన్నాడన్నాడు. కొక్కెం అరిగిందని తనకు తెలుసనీ, తెలిసీ గుంజాడనీ, తనది కూడా తప్పేననీ చెప్పాడు. వకీలు కండ్లు మూసుకున్నాడు.

"సేటు పూచీ పడ్డాడనడానికి సాక్షులున్నారా?" అని జడ్జీ అడిగాడు.

ఐలేశం లేచాడు. సేటు ఎట్లా విసుక్కున్నాడో అట్లా విసుక్కుని, ఎట్లా చేతులెత్తాడో అట్లా ఎత్తి, మేకతో సహా మొత్తం ఒప్పగించాడు. వరండాలో కూర్చున్న జడ్చర్ల హమాలీలను ఒక్కొక్కరినే పిలిచారు. ప్రతి ఒక్కడూ అదే మాట, అదే అలసటతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. కొందరిని ఇక వద్దని జడ్జీయే ఆపాడు. రాజలింగం సేటు తల దించుకుని, "అన్నమాట నిజమే," అన్నాడు. "ఆయనతోని ఏగలేక అన్న. కానీ అన్న."

దవాఖాన ఖర్చు, గుర్వయ్య నష్టం సేటు భరించాలని తీర్పు వచ్చింది. చెడ్డ కొక్కెమని తెలిసీ బండి నడిపినందుకు మైసయ్య లైసెన్సును కొన్ని నెలలపాటు ఆపేశారు. సత్తమ్మ ఏడుస్తుందనుకున్నాడు ఐలేశం. "ఇంట్ల కూసుంటే నన్ను ఏమేమి అడుగుతడో," అని మాత్రం అంది.

మైసయ్య ఇంట్లో కూర్చోలేదు. చెప్పులేసుకుని గుర్వయ్య ఊరికి పోయి, మంచంలో ఉన్న మనిషి గొర్లను మేపడం మొదలుపెట్టాడు. పొమ్మని కోర్టు చెప్పలేదు, రమ్మని గుర్వయ్య అడగలేదు. అతనికి ఈల రాదు. గొర్లు వెనక్కి మళ్లాలంటే నోటితో ట్రాక్టరు హారన్ కొట్టేవాడు. కొన్నాళ్లకు అవి దానికే అలవాటుపడ్డాయని, ఇప్పుడు తాను పిలిస్తే ఒక్కటీ తల తిప్పట్లేదని గుర్వయ్య వచ్చినవాళ్లందరితో మొత్తుకునేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు ఐలేశం బావను చూసిపోదామని ఆ ఊరు వెళ్లాడు. ముందట మంచం ఖాళీగా ఉంది. ఇంటి వెనక గుర్వయ్య మునివేళ్ల మీద నిలబడి, తుమ్మకొమ్మను వంచి మేకపిల్లకు ఆకు అందిస్తున్నాడు. చేతిలో కర్రయినా లేదు. ఐలేశాన్ని చూసి కొమ్మ వదిలేశాడు.

"ఎన్నాళ్లయితాంది లేచి?" అన్నాడు ఐలేశం.

"శానా దినాలాయె," అన్నాడు గుర్వయ్య. గొంతు తగ్గించాడు. "మైసన్నకు చెప్పకు. లైసెన్సు వచ్చేదాంక ఏం జేస్తడు? పనిలేక ఉట్టిగ కూసుంటే మనిషి పాడైపోతడు. గీడనైతే ఇంత రొట్టె తింటుండు, పాలు తాగుతుండు. సత్తమ్మకు కూడ ఇంత పంపిస్తున్నం."

"మరి నువ్వు పండుకొని పండుకొని పాడైపోవా?"

"పొద్దంతా పండుకుంటే నడుము పట్టేసింది ఐలేశం. కాలిరిగినప్పుడు కూడ గంత నొయ్యలే."

అంతలో వీధి చివర హారన్ వినిపించింది. గుర్వయ్య పరుగున ముందటికి వచ్చి మంచమెక్కాడు. సోమమ్మ మడత పెట్టిన గొంగడి తెచ్చి కాలి కింద దోపింది. దుమ్ములో గొర్లు వచ్చాయి, గొర్ల వెనక తలకు తువ్వాల చుట్టుకుని మైసయ్య వచ్చాడు.

"కాలెట్లున్నది గుర్వయ్యా?"

"సలుపుతాంది మైసన్నా," అని గుర్వయ్య మూలిగాడు.

మైసయ్య మొహం చిన్నబోయింది. ఐలేశం వైపు తిరిగాడు. "నువ్వు జూసినవా? నీకెట్ల అనిపిస్తాంది?"

ఐలేశం మంచం పట్టెమీద కూర్చుని ఆ కాలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. బస్తాలు లేని రోజున కూడా తనకు మోసే పని తప్పలేదనుకున్నాడు.

"ఇంక జర టైం పడ్తది బావా," అన్నాడు. "నువ్వు తొందరపడకు."

మైసయ్య తల ఊపి గొర్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు. లోపల సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఇంకొకరికి కూడా రొట్టె తట్టడం మొదలుపెట్టింది.